చైన్ స్టోర్‌లో ట్రైనీ మేనేజర్: చేరిన రోజు నుంచి షిఫ్ట్ చేతికొచ్చేదాకా

ట్రైనీ మేనేజర్‌ది స్టోర్‌లో ఎటూ కాని స్థానం. స్టాఫ్ మిమ్మల్ని రేపటి బాస్‌గా చూస్తారు. స్టోర్ మేనేజర్ ఇంకా నేర్చుకుంటున్న మనిషిగానే చూస్తారు. కస్టమర్‌కి మీ బ్యాడ్జి తప్ప ఇంకేమీ పట్టదు. పైగా చైన్ స్టోర్ కాబట్టి పెద్ద నిర్ణయాలేవీ మీ చేతిలో ఉండవు. ధర హెడ్ ఆఫీసు పెడుతుంది, ఆఫర్ పైనుంచి వస్తుంది, ఏ సరుకు ఏ ర్యాక్‌లో ఉండాలో ముందే గీసి పంపిస్తారు, ఆర్డర్ కూడా చాలా చోట్ల సిస్టమే పెట్టేస్తుంది. మరి మేనేజర్‌కి మిగిలిన పనేమిటి అన్న అనుమానం కొత్తలో చాలామందికి వస్తుంది.

చాలానే మిగిలింది. సిస్టమ్ చెప్పేదీ, ఫ్లోర్ మీద కంటికి కనిపించేదీ ఒకటేనా అని రోజూ సరిచూడాలి. తేడా ఉంటే దాని మూలం పట్టుకోవాలి. స్టాక్, క్యాష్, ధరలు, రోస్టర్ (ఎవరు ఏ షిఫ్ట్‌లో పనిచేయాలో చూపే పట్టిక) అన్నిటికీ ఇదే వర్తిస్తుంది. బట్టల స్టోర్ అయినా, సూపర్‌మార్కెట్ అయినా, ఎలక్ట్రానిక్స్ అయినా సరుకు మారుతుందే గానీ ఈ పని మారదు. ఇది ఒంటబట్టిన ట్రైనీకి మిగతావి వాటంతటవే కుదురుకుంటాయి. అందుకే ఈ మార్గదర్శి అంతా దాని చుట్టూనే నడుస్తుంది.

మొదటి అడుగు: శిక్షణ ప్లాన్‌ను కాగితం మీద పెట్టించుకోండి

చాలా చైన్లలో ట్రైనీకి ఒక ప్రోగ్రామ్ ఉంటుంది. అది ఫైల్‌లోనే ఉండిపోవడం కూడా మామూలే. స్టోర్‌లో ఎవరు సెలవు పెడితే వాళ్ల స్థానంలో ట్రైనీని నిలబెడతారు. నెలలు గడిచాక చూస్తే బిల్లింగ్ తప్ప ఇంకేమీ రాదు. కాబట్టి మొదటి వారంలోనే స్టోర్ మేనేజర్‌తో కూర్చుని ఏ విభాగంలో ఎన్ని వారాలు, ఎవరి దగ్గర, చివర్లో ఏం చేసి చూపించాలి అన్నవి రాయించుకోండి. రిసీవింగ్ (బండిలో వచ్చే సరుకును, అంటే లోడ్‌ను, దించుకుని లెక్కచూసే పని), ఫ్లోర్ (కస్టమర్లు తిరిగే చోటు), బిల్లింగ్, క్యాష్ ఆఫీసు, రోస్టర్, ఆడిట్, ఈ ఆరూ అందులో ఉండాలి. “సార్, ఈ వారం రిసీవింగ్‌లో ఉండాలని ప్లాన్‌లో ఉంది, రేపటి లోడ్‌కి నన్ను వేస్తారా?” అని అడగడానికి ఆ కాగితమే ఆధారం.

ప్రతి విభాగంలోనూ కింది స్థాయి పని సొంత చేతులతో చేయండి. పక్కన నిలబడి చూస్తే రాదు. కార్టన్ విప్పి ర్యాక్ నింపడానికి ఎంతసేపు పడుతుందో తెలియని మనిషి వేసే రోస్టర్ కాగితం మీదే బాగుంటుంది.

లాగిన్ మీ పేరు మీద వచ్చిన రోజు నుంచి దాన్ని ఇంకొకరికి ఇవ్వకండి. రద్దీలో క్యాషియర్ “మీ పాస్‌వర్డ్ చెప్పండి, నేనే కొట్టేసుకుంటా” అంటారు. లేచి వెళ్లి మీరే కొట్టండి. ఆ లాగిన్‌తో జరిగిన ప్రతి బిల్ క్యాన్సిల్‌కీ, ప్రతి రిఫండ్‌కీ రికార్డులో ఉండేది మీ పేరే.

రెండో అడుగు: స్టోర్ వాక్ నేర్చుకోండి

మేనేజర్‌కి ఉండాల్సిన అలవాట్లలో నేను మొదట చెప్పేది ఇదే. తెరవడానికి ముందు ఒకసారి, రద్దీ మొదలయ్యే ముందు ఒకసారి, మూసేముందు ఒకసారి స్టోర్ అంతా నడవండి. స్టాఫ్ తలుపులోంచి కాకుండా కస్టమర్ వచ్చే దారిలోంచి మొదలుపెట్టండి. బయట అద్దం, ఆఫర్ బోర్డు, బాస్కెట్లు, మొదటి ర్యాక్, ఇలా కస్టమర్ కన్ను పడే వరుసలోనే చూడండి.

చూసేటప్పుడు నాలుగు ప్రశ్నలు మనసులో పెట్టుకుంటే చాలు. ర్యాక్‌లో ఖాళీలు ఉన్నాయా? ప్రతి సరుకు కింద దాని ధర ట్యాగే ఉందా? గడువు ముగిసిన ఆఫర్ బోర్డు ఎక్కడైనా వేలాడుతోందా? అత్యవసర ద్వారం ముందు, అగ్నిమాపక సిలిండర్ ముందు కార్టన్లు పెట్టారా? చివరిది కనిపిస్తే మిగతా పని ఆపి అవి అప్పటికప్పుడు తీయించండి. లోడ్ వచ్చిన రోజు బ్యాక్‌రూమ్ (వెనక సరుకు పెట్టే గది) నిండిపోతే స్టాఫ్ చేయి ముందుగా వెళ్లేది ఆ ఖాళీ జాగా మీదికే. అందుకే లోడ్ రోజున ప్రత్యేకంగా చూడాలి.

కనిపించిన లోపాలన్నీ ఒకేసారి అరిచి చెప్పకండి. ఐదారు రాసుకుని, ఒక్కోదానికి ఒక మనిషి, ఒక టైమ్ పెట్టండి. తర్వాతి వాక్‌లో ముందుగా ఆ ఐదారూ చూడండి. చెప్పింది మళ్లీ చూసే మనిషి అని స్టాఫ్‌కి తెలిస్తే అందులో సగం మీరు చెప్పకముందే అయిపోతాయి.

మూడో అడుగు: సరుకు లోపలికి వచ్చే చోట

తేడాల్లో చాలా వరకు రిసీవింగ్ గుమ్మం దగ్గరే పుడతాయి. వాహనం సీల్ నంబరు పత్రాల్లో ఉన్నదానితో కలుస్తోందో లేదో చూసి తర్వాతే తలుపు తెరవండి. కార్టన్లు లెక్కపెట్టండి. తడిసినవి, చిరిగినవి, టేపు మళ్లీ వేసినట్టున్నవి పక్కకి తీసి విప్పి చూడండి. తక్కువ వచ్చినా, పాడై వచ్చినా డ్రైవర్ ఉండగానే డెలివరీ పత్రం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి. బండి వెళ్లిపోయాక చెప్పే మాటకి విలువ తక్కువ. ఇన్వాయిస్‌లో ఎంత ఉందో చూసి అంతే కొట్టేయడం కాకుండా, లెక్కించిన సంఖ్యనే సిస్టమ్‌లో ఎక్కించాలి.

నాలుగో అడుగు: ర్యాక్, స్టాక్, సిస్టమ్‌లో మాత్రమే ఉన్న సరుకు

కస్టమర్ తనంతట తాను ర్యాక్‌లోంచి సరుకు తీసుకునే పద్ధతి 1916లో అమెరికాలోని మెంఫిస్‌లో క్లారెన్స్ సాండర్స్ తెరిచిన పిగ్లీ విగ్లీ దుకాణంతో ఊపందుకుంది. అంతకుముందు కౌంటర్ వెనక మనిషి తీసి ఇచ్చేవాడు. ఆ మనిషి పోయాక సరుకు గురించి కస్టమర్‌కి చెప్పేది ర్యాకే. అందుకే చైన్లు ప్లానోగ్రామ్‌ని అంత పట్టుదలగా అమలు చేయమంటాయి. ఏ సరుకు ఏ వరుసలో, ఎన్ని ఫేసింగ్‌లతో (ముందు వరుసలో పక్కపక్కన ఎన్ని కనిపించాలో) ఉండాలో చూపే బొమ్మ అది. మీకు నచ్చకపోయినా ముందు యథాతథంగా పెట్టండి. మార్చాలనిపిస్తే అమ్మకాల అంకెలతో పైకి రాయండి. సొంతంగా మార్చేస్తే ఖాళీ ఎక్కడుందో కూడా తెలియకుండా పోతుంది, ఎందుకంటే ఖాళీ అయిన సరుకు జాగాలోకి పక్క సరుకు జరిపేస్తే కంటికి ర్యాక్ నిండుగానే కనిపిస్తుంది.

గడువు తేదీ ఉన్న సరుకులో ముందు వచ్చింది ముందు అమ్మడం ఒక్కటే సరిపోదు. ఆలస్యంగా వచ్చిన కార్టన్‌కే ముందు గడువు ఉండొచ్చు. కాబట్టి ముందు గడువు ముగిసేది ముందుకు రావాలి. ర్యాక్ నింపేటప్పుడు పాతది బయటికి తీసి, కొత్తది వెనక పెట్టి, పాతది మళ్లీ ముందు పెట్టడం కొంచెం ఎక్కువ పని. రద్దీ రోజున మొదట ఎగ్గొట్టేది దాన్నే. మీరు వెళ్లి వెనక వరుసలో చేయి పెట్టి ఒక ప్యాకెట్ తీసి తేదీ చూస్తే తెలిసిపోతుంది.

ఇక ట్రైనీలు తప్పకుండా నేర్చుకోవాల్సినది, పైకి కనిపించని ఒక నష్టం. సిస్టమ్‌లో ఒక సరుకు స్టాక్ 3 అని ఉంది. ర్యాక్‌లో ఒక్కటీ లేదు. దొంగతనం జరిగి ఉండొచ్చు, పగిలింది పారేసి రాయకుండా వదిలేసి ఉండొచ్చు, లేదా రెండు రంగుల సరుకు బిల్ చేసేటప్పుడు ఒకదాన్నే రెండుసార్లు స్కాన్ చేసి ఉండొచ్చు. కారణం ఏదైనా ఇక ముందు జరిగేది చూడండి. స్టాక్ 2కి తగ్గితేనే ఆర్డర్ పెట్టాలని సిస్టమ్‌కి చెప్పి ఉంటే, అది 3 అనుకుంటూ ఆర్డర్ పెట్టదు. ర్యాక్‌లో లేదు కాబట్టి అమ్మకం జరగదు. అమ్మకం జరగదు కాబట్టి 3 ఎప్పటికీ 2 అవదు. ఎవరైనా వెళ్లి చేత్తో లెక్కించి సరిచేసేదాకా ఆ సరుకు మీ స్టోర్‌లో అమ్ముడుపోదు. రిపోర్టు చూసేవాళ్లకి మాత్రం ఇక్కడ దానికి గిరాకీ లేదనిపిస్తుంది.

దీన్ని పట్టుకునే దారి ఉంది. స్టాక్ ఉన్నట్టు చూపిస్తూ, మామూలుగా అమ్ముడయ్యే సరుకే అయినా ఈమధ్య ఒక్క బిల్లు కూడా లేని వాటి జాబితా తీయండి. స్టాక్ 1 నుంచి 5 మధ్య ఉన్నవి ముందు చూడండి. జాబితా పట్టుకుని ర్యాక్ దగ్గరికి, తర్వాత బ్యాక్‌రూమ్‌కి వెళ్లండి. కొన్ని బ్యాక్‌రూమ్‌లో ఏదో కార్టన్ కింద దొరుకుతాయి. దొరకనివాటిని మేనేజర్ అనుమతితో సరిచేయించండి. దొరికినా దొరకకపోయినా కారణం పక్కన రాయండి. రోజుకి ఒక చిన్న విభాగం చొప్పున చేసుకుంటూ పోతే ఆడిట్ నాటికి పెద్ద పనేమీ మిగలదు.

రెండు రంగులవి, రెండు వాసనలవి కలిపి తెచ్చినప్పుడు ఒక్కోదాన్ని విడిగా స్కాన్ చేయమని క్యాషియర్లకి నచ్చచెప్పాల్సింది కూడా ఇందుకే. ధర ఒకటే కదా అంటారు. నిజమే, క్యాష్‌లో తేడా రాదు. కానీ సిస్టమ్‌లో ఒక రంగు స్టాక్ అసలుకంటే తక్కువ చూపిస్తుంది, ఇంకోదాని స్టాక్ లేకపోయినా ఉన్నట్టు మిగిలిపోతుంది.

ఐదో అడుగు: క్యాష్

క్యాష్ రిజిస్టర్‌ని 1879లో పేటెంట్ చేసిన జేమ్స్ రిట్టీ అమెరికాలోని డేటన్‌లో బార్ నడిపేవాడు. గల్లాలోంచి డబ్బు పోతోందన్న బాధే అతన్ని ఆ యంత్రం చేయడానికి పురికొల్పింది. యంత్రాలు ఎన్ని మారినా కౌంటర్ దగ్గర మేనేజర్ చూడాల్సింది అప్పటిదే: యంత్రం చెప్పిన మొత్తం, డ్రాయర్‌లో ఉన్న మొత్తం.

లెక్క ఇలా ఉంటుంది. ఉదయం డ్రాయర్‌లో పెట్టిన చిల్లర 2,000. నగదు అమ్మకాలు 18,450. నగదుగా ఇచ్చిన రిఫండ్లు 650. మధ్యలో సేఫ్‌కి తరలించింది 10,000. అంటే డ్రాయర్‌లో ఉండాల్సింది 2,000 కలిపి 18,450, అందులోంచి 650, 10,000 తీసేస్తే 9,800. క్యాషియర్‌కి ఈ అంకె ముందుగా చెప్పకండి. ముందు లెక్కించి రాయమనండి, తర్వాత పోల్చండి. అంకె ముందే తెలిస్తే లెక్క దానికి తగ్గట్టు కుదిరిపోతుంది.

తేడా వస్తే మనిషిని అనుమానించే ముందు అంకెను చూడండి. తేడా 9తో సరిగ్గా భాగిస్తే ఎక్కడో అంకెలు తారుమారై ఉండొచ్చు: 540 రాయాల్సిన చోట 450 రాస్తే తేడా 90. తేడా ఒక నోటు విలువకి సమానమైతే చిల్లర ఇవ్వడంలోనో, కట్ట లెక్కించడంలోనో పొరపాటు. తేడా ఒక బిల్లు మొత్తానికి సరిపోతే కార్డు బిల్లుని నగదుగా కొట్టారేమో చూడండి. ఇవేవీ కాకుండా ఒకే కౌంటర్‌లో చిన్న చిన్న మొత్తాలు పదే పదే తగ్గుతుంటే, లేదా ఒకే లాగిన్ మీద బిల్ క్యాన్సిల్స్ మిగతావాళ్లకంటే బాగా ఎక్కువుంటే, ఆ రికార్డు తీసి స్టోర్ మేనేజర్‌కి ఇవ్వండి. విచారణ మీ పని కాదు. అందరి ముందు అడగడం అసలే చేయకూడదు.

బార్‌కోడ్ చదవకపోతే చేత్తో కొట్టే నంబరు విషయంలో ఒక ధైర్యం ఉంది. ప్యాకెట్ల మీద బార్‌కోడ్ కింద ఉండే 13 అంకెల ఈఏఎన్ కోడ్‌లో చివరి అంకె మిగతా 12 నుంచి లెక్కగట్టిందే కాబట్టి ఒక్క అంకె తప్పు కొట్టినా సిస్టమ్ తీసుకోదు. స్టోర్ సొంతంగా పెట్టుకున్న పొట్టి కోడ్‌లకి మామూలుగా ఆ రక్షణ ఉండదు. అక్కడ ఒక అంకె మారితే వేరే సరుకు బిల్ అయిపోతుంది.

ఆరో అడుగు: అంకెలు చదవడం

రోజు అమ్మకం ఒక్కటే చూస్తే ఏమీ అర్థం కాదు. దాన్ని మూడుగా విడదీయండి: లోపలికి వచ్చినవాళ్లు, వాళ్లలో కొన్నవాళ్ల శాతం, సగటు బిల్లు. 400 మంది వచ్చి 120 బిల్లులు అయితే కన్వర్షన్ 30 శాతం. సగటు బిల్లు 500 అయితే అమ్మకం 60,000. రేపు అమ్మకం 50,000కి పడిందనుకోండి. వచ్చినవాళ్లు తగ్గితే మీరు లోపల చేయగలిగింది తక్కువ. వచ్చినవాళ్లు అంతే ఉండి బిల్లులు 100కి తగ్గితే సైజులు లేవా, కౌంటర్ దగ్గర క్యూ పెరిగిందా, ఫ్లోర్‌లో మనిషి లేడా అని చూడాలి. బిల్లులు అన్నే ఉండి సగటు బిల్లు తగ్గితే ఖరీదైన సరుకు ఏదో ర్యాక్‌లో లేదు, లేదా ఆఫర్ సరుకే ఎక్కువ పోతోంది. ముగ్గురు రోగులకీ ఒకే మందు ఇవ్వనట్టే, ఈ మూడింటికీ “ఇంకా గట్టిగా అమ్మండి” అన్న ఒక్క మాట సరిపోదు.

మార్జిన్ లెక్క నోటికి రావాలి. కొన్నది 60కి, అమ్మేది 100కి అయితే మిగిలేది 40. అమ్మే ధర మీద అది 40 శాతం, కొన్న ధర మీద చూస్తే 66.7 శాతం. రిపోర్టుల్లో మార్జిన్ అంటే మామూలుగా మొదటిదే. ఇప్పుడు 20 శాతం డిస్కౌంట్ ఇస్తే ధర 80, మిగిలేది 20. అదే డబ్బు మిగలాలంటే రెట్టింపు సంఖ్యలో అమ్మాలి. డిస్కౌంట్ 20 శాతమే అయినా మిగులు సగానికి పడిపోయింది.

పోయిన సరుకు లెక్క ఇంకా ఘాటుగా ఉంటుంది. ఖర్చులన్నీ పోను 100 అమ్మకానికి 4 మిగిలే స్టోర్‌లో 60కి కొన్న వస్తువు ఒకటి పోతే, ఆ 60 తిరిగి రావాలంటే 1,500 అమ్మాలి. అంటే అలాంటివి 15. ఈ లెక్క ఉదయం మీటింగ్‌లో ఒకసారి స్టాఫ్‌కి చెప్పండి. చిరిగిన ప్యాకెట్‌ని మూల పడేయకుండా డ్యామేజ్ కింద రాయడం ఎందుకో వాళ్లకి అర్థమవుతుంది.

ఏడో అడుగు: మనుషులు

మీకంటే వయసులోనూ, అనుభవంలోనూ పెద్దవాళ్ల మీద మీరు పెత్తనం చేయాల్సి వస్తుంది. చాలామంది ట్రైనీలు ఇక్కడ రెండు రకాలుగా తడబడతారు: అందరితో స్నేహంగా ఉండాలని ఏమీ చెప్పకపోవడం, లేదా మొదటి వారంలోనే గొంతు పెంచడం. నా దృష్టిలో మంచి దారి అడగడంతో మొదలుపెట్టడం. “అక్కా, ఈ సెక్షన్ మీరే ఎక్కువ కాలం చూశారు. ఇక్కడ ఏది ముందు ఖాళీ అవుతుంది, ఎప్పుడు?” ఆ జవాబు రాసుకోండి. దాని ప్రకారం ఏదైనా మార్చినప్పుడు ఆమె చెప్పిందని అందరి ముందూ అనండి. పేరు వాళ్లదే ఉండాలి.

తప్పు చెప్పాల్సి వస్తే పక్కకి పిలిచి, జరిగింది మాత్రమే చెప్పండి. “మీరెప్పుడూ లేటే” అంటే వాదన మొదలవుతుంది. “ఈ వారం మూడుసార్లు ఓపెనింగ్‌కి లేటయింది. ఏమైంది? షిఫ్ట్ మార్చాల్సిన పరిస్థితి ఏదైనా ఉందా?” అంటే జవాబు వస్తుంది. పొగడాల్సి వచ్చినా అంతే. “బాగా చేశారు” అని వదిలేయకండి, ఏం బాగా చేశారో చెప్పండి.

రోస్టర్‌ని అలవాటు ప్రకారం వేయకండి. బిల్లింగ్ సిస్టమ్‌లోంచి గంటవారీ బిల్లుల రిపోర్టు కొన్ని వారాలది తీయండి. ఏ గంటల్లో బిల్లులు ఎక్కువున్నాయో ఆ గంటల్లో భోజన విరామాలు పడుతున్నాయేమో చూడండి. లోడ్ వచ్చే రోజు మనుషులు సరిపడా ఉన్నారా? రాత్రి మూసిన మనిషినే మర్నాడు పొద్దున తెరవడానికి వేశారా? వీక్లీ ఆఫ్ ఎప్పుడూ ఒకరికే మంచి రోజు పడుతోందా? స్టాఫ్ ఈ చివరిదాన్ని ఎంత గుర్తుపెట్టుకుంటారో చెప్పలేను. పని గంటలు, విరామం, ఓవర్‌టైమ్ నియమాలు హెచ్‌ఆర్ దగ్గర కనుక్కుని, అందులో రాజీ లేకుండా వేయండి. బ్రేక్ ఇవ్వలేని షిఫ్ట్ నడుస్తోందంటే రోస్టర్ తప్పింది.

ఎనిమిదో అడుగు: కోపంగా వచ్చిన కస్టమర్

మధ్యలో అడ్డుపడకుండా పూర్తిగా విని, మీకు అర్థమైంది ఒక వాక్యంలో తిరిగి చెప్పి, మీరు చేయగలిగింది చెప్పండి. చేయలేనిదాన్ని చేస్తామనకండి. ర్యాక్ మీద ఒక ధర, బిల్లులో ఇంకో ధర వచ్చిందన్న ఫిర్యాదైతే బిల్లు సరిచేయడంతో ఆగకుండా వెంటనే మనిషిని పంపి ఆ ట్యాగ్ మార్పించండి. లేకపోతే వెనక క్యూలో ఉన్నవాళ్లకీ అదే జరుగుతుంది.

దొంగతనం అనుమానం వస్తే వెంబడించడం, పట్టుకోవడం, బ్యాగ్ లాక్కోవడం చేయకండి. దగ్గరికి వెళ్లి “ఏమైనా వెతుకుతున్నారా? సాయం చేయనా?” అని పలకరిస్తే చాలాసార్లు అక్కడితో ఆగిపోతుంది. ఆ తర్వాతది సెక్యూరిటీ, కంపెనీ నియమం చూసుకుంటాయి. ఏ సరుకు కోసమూ స్టాఫ్‌లో ఎవరూ దెబ్బ తినకూడదు.

తొమ్మిదో అడుగు: మొదటి సొంత షిఫ్ట్

స్టోర్ మేనేజర్ లేని షిఫ్ట్ మీ చేతికి ఇచ్చే ముందు కొన్ని మీరే అడిగి తెలుసుకోండి. కరెంటు పోతే ఏ లైన్లు బ్యాకప్ మీద ఉంటాయి, బిల్లింగ్ సిస్టమ్ ఆగిపోతే ఏం చేయాలి, అలారం మోగితే ఎవరికి ఫోన్ చేయాలి, అందరినీ బయటికి పంపాక ఎక్కడ నిలబెట్టి లెక్కించాలి, ఎంత మొత్తం దాకా రిఫండ్ మీరు ఆమోదించవచ్చు. నంబర్లు ఫోన్‌లోనే కాకుండా కాగితం మీద కూడా ఉండాలి.

మూసేటప్పుడు ట్రయల్ రూములు, టాయిలెట్లు, బ్యాక్‌రూమ్ చూసి ఎవరూ లేరని నిర్ధారించుకోండి. సేఫ్ లెక్క ఇద్దరు కలిసి చేయండి. తర్వాత హ్యాండోవర్ (తర్వాతి షిఫ్ట్ మనిషికి అప్పగింత నోట్) రాయండి. “అంతా బాగుంది” అన్నది హ్యాండోవర్ కాదు. కౌంటర్ 2 క్యాష్‌లో 100 తక్కువ, కారణం తెలియలేదు, రికార్డు ఫైల్‌లో ఉంది. రేపటి లోడ్ ఆలస్యమని కబురొచ్చింది, ఇద్దరిని మధ్యాహ్నానికి మార్చాను. ఫలానా కస్టమర్‌కి మార్పిడి సరుకు రేపు సాయంత్రానికి ఇస్తామన్నాను, స్టాక్ పక్కకి పెట్టాను. పొద్దున వచ్చే మనిషి మీకు ఫోన్ చేయకుండా పని మొదలుపెట్టగలిగేలా ఉండాలి.

షిఫ్ట్ అయిన రెండు మూడు రోజుల్లో స్టోర్ మేనేజర్‌ని పది నిమిషాలు అడగండి. మొదటి వారంలో రాయించుకున్న ప్లాన్ ముందు పెట్టి, వచ్చినవి, రానివి గుర్తు పెట్టించండి. రానివాటికి తేదీలు వేయించుకోండి. ఇంకో స్టోర్‌లో కొన్నాళ్లు పనిచేసే అవకాశం ఉంటే అప్పుడే అడగండి. ముఖ్యంగా మీ స్టోర్ పెద్దదైతే చిన్న స్టోర్‌కి వెళ్లండి. అక్కడ రిసీవింగ్, క్యాష్, రోస్టర్ ఒకే మనిషి చూస్తారు, మీకు ఇంకా రానిదేదో మొదటి వారంలోనే తెలిసిపోతుంది.